తోక తీసేసిన కణాలు

జూన్ 9, సోమవారం

జర్నల్ నుంచి ఉత్తరం వచ్చింది. తిరస్కరించలేదు! ముగ్గురు సమీక్షకుల్లో ఇద్దరికి పేపర్ నచ్చింది. మూడో మనిషి చిన్న కొర్రీ వేశాడు. తోక తీసేసిన ఈస్ట్ కణాల్లో నిజంగానే తోక లేదని డీఎన్‌ఏ సీక్వెన్స్ చేసి, అంటే అక్షరం అక్షరం చదివి చూపించమన్నాడు. అదెంత పని. ఫ్రీజర్‌లోంచి ఆ సీసా తీసి శాంపిల్ పంపితే వారంలో రిపోర్టు వస్తుంది.

పార్థసారథి సార్ గదిలోకి పిలిచి మైసూర్‌పాక్ పెట్టారు. "ఇంటర్వ్యూ నాటికి పేపర్ చేతిలో ఉంటుందమ్మా. ఆ అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టు నీదే అనుకో" అన్నారు. ఇంటర్వ్యూ జూలై ముప్పైన, మా యూనివర్సిటీలోనే. పదేళ్ళుగా సార్ ల్యాబ్‌లోనే ఉన్నాను. ముందు పీహెచ్‌డీ, ఆ తర్వాత ఏడాదికోసారి పొడిగించే ఈ కొలువు. ముప్పై నాలుగు దాటాయి నాకు.

మీ పనేమిటో రెండు నిమిషాల్లో చెప్పండి అంటారు. ఇక్కడ రాసి చూసుకుంటాను.

మేం చూసే ఎంజైమ్‌లో రెండు భాగాలుంటాయి. డొమైన్లు అంటాం. ఒకే పొడుగాటి గొలుసు రెండు చోట్ల విడివిడిగా ముడుచుకుని రెండు ఉండలైతే ఎలా ఉంటుందో అలా. మొదటి ఉండ కణం పైపొరకి కావలసిన కొవ్వు తయారుచేస్తుంది. దాన్ని ల్యాబ్‌లో తల అంటాం. రెండోది తోక. అదెందుకుందో ఎవరికీ తెలీదు. నేను తోక కత్తిరించి చూశాను. కణాలు మామూలుగానే పెరిగాయి. కాబట్టి తల చాలు. తోక అనవసరం.

గడియారం పెట్టుకుని చదివాను. నిమిషంన్నర కూడా పట్టలేదు.

జూన్ 10

శాంపిల్ పంపాను.

జూన్ 14, శనివారం

ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను. ఉక్క వల్ల కావచ్చు. మబ్బు పడుతోంది గానీ చినుకు రాలదు. పొద్దున రెండు దోసెలు మాడ్చాను. మూడోది పెనం మీద ఉండగానే బాల్కనీలోకి వెళ్ళిపోయాను.

"ఏంటి యశూ, ఇల్లంతా కొలుస్తున్నావ్?" అన్నాడు శ్యామ్. తనది హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పెళ్ళైన ఈ ఆరేళ్ళలో నా నోట విని విని మా ఎంజైమ్ సంగతి సగం తనకీ వచ్చేసింది.

"రిపోర్టు రావాలి."

"తోక తీస్తే కణాలు సరిగా పెరగవని ఒకతను వాదించేవాడు కదా, మహేందర్. ఇప్పుడెక్కడున్నాడు?"

"తెలీదు."

"ఆ గొడవయ్యాకే కదూ మానేశాడు?"

"గొడవేమీ కాలేదు. నా డేటా చూపించాను. అంతే."

అంతే. నేనింకేమీ అనలేదు. మహేందర్ పీహెచ్‌డీ మూడో ఏడు మధ్యలో మానేశాడు. చాలామంది మానేస్తారు.

జూన్ 17, మంగళవారం

రిపోర్టు వచ్చింది. తోక ఉంది. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఉంది.

సీక్వెన్సింగ్ చేసేవాళ్ళు ట్యూబులు తారుమారు చేసి ఉంటారు.

జూన్ 18

మళ్ళీ పంపాను. వేరేవాళ్ళకి.

జూన్ 20

తారుమారు చేసే ఉంటారు. రోజుకి వేల ట్యూబులు వస్తాయి వాళ్ళకి. మనుషులే కదా.

జూన్ 23, సోమవారం

రెండో రిపోర్టు. మొదటిదానికీ దీనికీ ఒక్క అక్షరం తేడా లేదు.

సార్ అడిగారు, రిపోర్టు వచ్చిందా అని. ఇంకా రాలేదన్నాను. నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట.

సాయంత్రం గేటు దాటి నడుస్తూ లింగంపల్లి స్టేషన్ దాకా వెళ్ళిపోయాను. అక్కడ నాకేం పనిలేదు. ఎమ్ఎమ్‌టీఎస్ రైలొచ్చింది, జనం దిగారు, ఎక్కారు, రైలు వెళ్ళిపోయింది. ఆటో ఎక్కి ఇంటికొచ్చాను.

జూన్ 24, మంగళవారం

ఫ్రీజర్‌లోంచి ఆ పెట్టె మొత్తం బయటికి తీసి చూశాను. ఎనభై సీసాలు. అన్ని మూతల మీదా నా చేతిరాతే.

ఈ ప్రయోగాలు మొదలుపెట్టే ముందటి ఎండాకాలం గుర్తొచ్చింది. కంప్రెసర్ కాలిపోయి పాత ఫ్రీజర్ మొరాయించింది. మంచు కరిగి మూతల మీది సిరా అలుక్కుపోయింది. ఒక్క మధ్యాహ్నంలో సీసాలన్నీ కొత్త ఫ్రీజర్‌లోకి మార్చి మళ్ళీ పేర్లు రాశాను. ఎవరైనా సాయం చెయ్యనా అంటే వద్దన్నాను. వేరేవాళ్ళు చేస్తే తప్పులు దొర్లుతాయని.

పద్నాలుగో నంబరు సీసా మీద "తోక లేనిది" అని గుండ్రంగా, శుభ్రంగా రాసి ఉంది. అందులో ఉన్నవి మామూలు కణాలు.

అంటే నేను మామూలు కణాలను మామూలు కణాలతోనే పోల్చాను. రెండూ ఒకేలా పెరిగాయని పేపర్ రాశాను. ఒకేలా పెరగక ఏం చేస్తాయి?

జూన్ 25

రాయడానికేమీ లేదు.

జూన్ 27, శుక్రవారం

మహేందర్ వాడినవి నా పెట్టెలోవి కావు. తన కణాలు తనే సొంతంగా తయారుచేసుకున్నాడు. కింది అరలో, వెనకాల, తన పెట్టె ఇంకా ఉంది. ఎవరూ పారెయ్యలేదు. ఖాళీ చేయించాలని ఎన్నిసార్లు అనుకున్నానో.

అందులోంచి ఒక సీసా తీసి శాంపిల్ పంపాను. కాస్త గోకి, కణాలు పెంచే పెట్రీ ప్లేటు మీద గీశాను కూడా.

ఇందులోనూ తోక ఉంటే బాగుండును. ఉంటే ఇద్దరం తప్పే.

జూలై 2, బుధవారం

లేదు. మహేందర్ సీసాలో తోక శుభ్రంగా కత్తిరించి ఉంది.

జూలై 4, శుక్రవారం

మామూలు కణాలు, మహేందర్ కణాలు రెండు ఫ్లాస్కుల్లో వేసి పొద్దున ఏడింటి నుంచి అరగంటకోసారి కొలిచాను. మామూలువి తొంభై నిమిషాలకి రెట్టింపయ్యాయి. తోక లేనివాటికి దాదాపు రెండున్నర గంటలు పట్టింది. గీత గీస్తే ఒకటి నిటారుగా లేచింది, రెండోది నేలని పట్టుకుని పాకింది.

సూక్ష్మదర్శిని కింద పెట్టాను. ఈస్ట్‌లో తల్లి కణానికి పిల్ల కణం మొగ్గలా పుట్టి, పెరిగి, విడిపోతుంది. ఇక్కడ విడిపోవడం లేదు. తల్లికి పిల్ల, పిల్లకి మరో పిల్ల అంటుకునే ఉండి గుత్తులు కట్టాయి.

ఎంజైమ్‌కి మహేందర్ ఆకుపచ్చ రంగు తగిలించి పెట్టుకున్నాడు, ఎక్కడుందో కంటికి కనపడేలా. తోక ఉన్న కణాల్లో ఆ పచ్చదనం తల్లీ పిల్లా కలిసే మెడ దగ్గర సన్నటి ఉంగరంలా నిలబడింది. తోక లేనివాటిలో కణమంతా పలచగా అలుముకుపోయింది. కొవ్వు కొలిచాను. రెంటిలోనూ సమానం. తల తన పని తాను చేస్తూనే ఉంది. కానీ చెయ్యాల్సిన చోట చెయ్యడం లేదు. మెడ దగ్గర పొర కట్టుకోక పిల్ల కణం విడిపోలేకపోతోంది. తోక పని అదీ. తలని తీసుకెళ్ళి ఆ చోట నిలబెట్టడం.

ఎంత అందమైన ఫలితం! రెండు క్షణాలు అన్నీ మర్చిపోయి సంతోషపడ్డాను. మూడో క్షణంలో, ఇది రెండేళ్ళ కిందటే మహేందర్ చెప్పాడు కదా అనుకున్నాను.

జూలై 7, సోమవారం

సార్‌కి చెప్పాను. రిపోర్టులు, గీతలు, ఫోటోలు బల్ల మీద పరిచాను. కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

"ఎవరికైనా చెప్పావా?"

"లేదు సార్."

"పేపర్‌లో తోక లేని కణాల బొమ్మ ఉంది కదా, ఆ నాలుగో బొమ్మ తీసేద్దాం. తోక గురించి మరింత పరిశోధన అవసరం అని ఒక వాక్యం రాద్దాం. మిగతా పేపర్ నిలబడుతుంది కదమ్మా."

"మహేందర్ సంగతి సార్?"

"వెళ్ళిపోయాడు కదా. ఇప్పుడు తవ్వుకుంటే ఏం లాభం చెప్పు? అతనికి లాభం లేదు, నీకు నష్టం. ఇంటర్వ్యూ మూడు వారాల్లో ఉంది."

జూలై 8

సార్ చెప్పింది సబబే. అబద్ధమేమీ రాయడం లేదు. ఒక బొమ్మ తీసేస్తున్నాం. అంతే.

శ్యామ్‌కి చెబితే, "బగ్ దొరికితే తర్వాతి వెర్షన్‌లో సరిచేస్తాం. రిలీజ్ ఆపుకుంటామా?" అన్నాడు. తనూ సబబే అన్నాడు.

జూలై 9

జర్నల్‌కి జవాబు రాశాను. పంపలేదు. వాక్యాలు సర్దాలి.

జూలై 10

సర్దాను. పంపలేదు.

జూలై 12, శనివారం

మహేందర్ వదిలేసి వెళ్ళిన నోటు పుస్తకాలు మూడు, స్టోర్ గదిలో రసాయనాల డబ్బాల వెనక దొరికాయి. తిరిగి ఇచ్చేద్దామని తీశాను. చదవకూడదనే అనుకున్నాను.

అంకెలన్నీ ఇంగ్లిషులో, వరసలు తీర్చి ఉన్నాయి. అంచుల్లో మాత్రం పెన్సిల్‌తో తెలుగులో చిన్న చిన్న మాటలు.

"మేడమ్‌కు చూపించిన. మళ్ల చేయమన్నరు."

"మళ్ల చేసిన. గదే వచ్చింది."

"ఐదోసారి. గదే."

"మేడమ్ సీసా కూడ సీక్వెన్స్ చేద్దాం అన్న. నా సీసా మీద అనుమానమా అన్నరు."

ఆ చివరి మాట చదివాక లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాను. మళ్ళీ కూర్చున్నాను. మళ్ళీ లేచాను.

నేనేమీ అనలేదని జూన్‌లో ఇదే డైరీలో రాసుకున్నాను. అన్నాను. అందరూ కూర్చున్న మీటింగ్‌లో, పద్నాలుగు మంది ఎదుట, నా గీతలు తెర మీద పెట్టి అతని వైపు తిరిగి, "నువ్వు చూసింది రాశావా, చూడాలనుకున్నది రాశావా?" అన్నాను. ఎవరో నవ్వారు. నేను ఆ నవ్వు ఆపలేదు. మహేందర్ తెర వంక చూస్తూ నిలబడి, "చూసిందే రాసిన మేడమ్" అన్నాడు. ఆ తర్వాత అతనితో సరిగా మాట్లాడినవాళ్ళు లేరు. నాలుగు నెలలకి మానేశాడు.

ఈ మాట నాకు గుర్తులేక కాదు.

జూలై 13, ఆదివారం

గాజు సామాను కడిగే రాజమ్మని నిన్ననే అడిగాను. "మా బస్తీ పక్క గల్లీనే మేడమ్, పోచయ్య కొడుకు గదా" అని గుర్తులు చెప్పింది. నోటు పుస్తకాలు ఇచ్చి వచ్చేద్దామని వెళ్ళాను. నిజంగా అందుకే.

లింగంపల్లి పట్టాల అవతల, రెండు గదుల ఇల్లు. ముసలాయన ఒకాయన గుమ్మంలో స్టూలు మీద కూర్చుని సెక్యూరిటీ డ్రెస్సుకి గుండీ కుట్టుకుంటున్నాడు. నేనెవరో చెప్పగానే గబుక్కున లేచాడు.

"యూనివర్సిటి మేడమా! రాండ్రి, రాండ్రి. గిట్ల కూసోండ్రి." స్టూలు తువ్వాలుతో తుడిచి నాకేశాడు. "మావోడు కోచింగ్ కాలేజిల క్లాసు చెప్పవోయిండు. ఆదివారం గూడ తాతీలు లేదు. చాయ్ పెడ్త, తాగుండ్రి."

వద్దన్నా వినలేదు. ఆయన కోకాపేటలో ఒక పెద్ద టవర్ దగ్గర వాచ్‌మన్. ముప్పై ఎనిమిది అంతస్తులట. లిఫ్టు ఎక్కితే చెవులు మూసుకుపోతాయని చెప్పి నవ్వాడు. చాయ్ గ్లాసు నా చేతికిచ్చి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. కిందికి దిగి నేనూ కూర్చోబోతే ఒప్పుకోలేదు.

"మావోని లెక్క తప్పయిందంట గదా మేడమ్" అన్నాడు, ఏదో పాత జబ్బు సంగతి అడిగినట్టు. "వాడు తప్పు గాదంటడు. ఎన్నిసార్లు చేసినా గట్లనే వచ్చింది బాపూ అంటడు. నేనే చెప్పిన. అరే, గంత సదువుకున్నోళ్ళు అందరు తప్పంటుంటె నువ్వొక్కనివి రైట్ ఎట్ల అయితవ్ రా అని. గప్పటి సంది నాతోని గా ముచ్చటే తియ్యడు."

చాయ్ వేడిగా ఉంది. గ్లాసు పట్టుకోలేక కింద పెట్టాను.

"తప్పు అతనిది కాదండీ. నాది" అన్నాను.

అర్థం కానట్టు చూశాడు. సీసాల మీద పేర్లు తప్పు రాశానని, అతను చెప్పిందే నిజమని, ఇప్పుడు తేలిందని, నాకు చేతనైనంత తేటగా చెప్పాను. అంతా విని కుడిచేత్తో నేల మీద ఏదో తుడిచాడు. అక్కడేమీ లేదు.

"నేను గూడ నమ్మకపోతిని" అన్నాడు. గ్లాసు నా వైపు జరిపి, "గా ముచ్చట నాకు జెప్తే ఏమొస్తది మేడమ్. వానికి చెప్పుండ్రి" అన్నాడు.

మళ్ళీ రమ్మని అనలేదు. గల్లీ చివరికి వచ్చాక చూసుకుంటే నోటు పుస్తకాలు నా సంచీలోనే ఉన్నాయి.

జూలై 15, మంగళవారం

చందానగర్‌లో, కోచింగ్ కాలేజీ మెట్ల దగ్గర కలిశాను. రెండు క్లాసుల మధ్య పదిహేను నిమిషాల విరామం. చొక్కా చేతుల నిండా సుద్దపొడి. నన్ను చూసి నమస్తే పెట్టాడు. పాత అలవాటు కాబోలు. పెట్టాక, పెట్టకుండా ఉండాల్సింది అనుకున్నట్టు చెయ్యి దించేశాడు.

"బాపు చెప్పిండు" అన్నాడు.

రిపోర్టు కాగితాలు ఇచ్చాను. నిలబడే చదివాడు, నాలుగు పేజీలూ. మూడో పేజీలో ఆగి వెనక్కి తిప్పి మళ్ళీ చదివాడు.

"పద్నాలుగో సీసా."

"అవును."

"గదే జర సీక్వెన్స్ చేద్దామన్న మేడమ్ నేను."

"అన్నావు. నీ పుస్తకంలో చదివాను." పుస్తకాలు ఇచ్చాను. తీసుకుని మెట్టు మీద పెట్టాడు. "నన్ను క్షమించమని అడగడానికి..."

"మీ సారీ నాకెందుకు మేడమ్?" గొంతు పెంచలేదు. "మీకేమెర్క? మానేసినంక ఆర్నెల్లు ఇంట్ల నిద్రవోలె. పిచ్చిలేసిందేమో నాకు, లేనిది చూస్తున్ననేమో అనుకున్న. కండ్ల డాక్టర్ దగ్గరికి వోయిన. నిజంగ. కండ్లు మంచిగున్నయి అన్నడు."

పైనుంచి గంట మోగింది. పిల్లలు మెట్లెక్కుతుంటే ఇద్దరం గోడకి ఆనుకుని దారిచ్చాం.

"గా దినం మీటింగ్‌ల ఎంతమంది ఉండె?"

"పద్నాలుగు మంది."

"గంతమంది ముంగట చెప్పుండ్రి. ఎవలు ఎక్కడున్నా పిలిచి చెప్పుండ్రి. గప్పుడు చూద్దాం."

పుస్తకాలు చంకన పెట్టుకుని పైకి వెళ్ళిపోయాడు.

జూలై 16

రోజంతా ఫోన్లు. పద్నాలుగు మందిలో ఆరుగురే ల్యాబ్‌లో ఉన్నారు. ఇద్దరు బెంగళూరులో, ఒకరు పుణెలో, మిగతావాళ్ళు జీనోమ్ వ్యాలీలో, గచ్చిబౌలిలో. వీడియోలో కలవమని అడిగాను. ఎందుకో చెప్పలేదు. రోహిత్ మాత్రం "ఏంటి మేడమ్, ప్రొఫెసర్ అయిపోయారా, పార్టీనా?" అన్నాడు. ఆ రోజు నవ్వినవాడు అతనే.

జూలై 17, గురువారం

సార్‌కి చెప్పాను, రేపు మీటింగ్‌లో అంతా చెబుతున్నానని. "ఇంటర్వ్యూ అయ్యాక చెప్పరాదూ?" అన్నారు. ఆ తర్వాత, "నీ ఇష్టమమ్మా" అన్నారు. కోపమో, ఊరటో ఆయన మొహంలో తెలియలేదు.

అన్నం సయించలేదు. రేపటి మాటలు రాసుకుందామని కూర్చుని నాలుగు కాగితాలు చింపాను.

జూలై 18, శుక్రవారం

చెప్పాను.

మహేందర్ వచ్చాడు. వస్తాడనుకోలేదు. వెనక వరసలో తలుపు పక్కన కూర్చున్నాడు.

గీతలు తెర మీద పెట్టాను. అప్పటివి, ఇప్పటివి, పక్కపక్కన. సీసా ఫోటో పెట్టాను, నా చేతిరాత కనపడేలా. ఆ తర్వాత, "రెండేళ్ళ కిందట ఇదే గదిలో మహేందర్‌ని ఒక మాట అడిగాను. చూసింది రాశావా, చూడాలనుకున్నది రాశావా అని. చూడాలనుకున్నది రాసింది నేను. సీసా పరీక్షిద్దామని అతను అడిగితే అవమానంగా భావించి ఒప్పుకోలేదు" అన్నాను. బల్ల అంచు పట్టుకున్నాను.

కంప్యూటర్ తెర మీద రోహిత్ తల దించుకున్నాడు. సార్ లేచి నిలబడి, "ఆ సీసా సంగతి అడగాల్సింది గైడ్‌గా నేను. నేనూ అడగలేదు" అని కూర్చున్నారు. ఇన్నేళ్ళలో సార్ నోట అలాంటి మాట వినడం ఇదే మొదటిసారి.

అప్పుడు వెనక నుంచి మహేందర్ చెయ్యెత్తాడు. క్షమించానంటాడేమో, తిడతాడేమో అనుకున్నాను.

"తలను ఏరే, తోకను ఏరే ముక్కలు జేసి ఒక్క కణంల పెట్టి చూసిన్రా?" అన్నాడు.

"లేదు" అన్నాను.

"తోక తలను మోసుకపోతదని మీరంటున్నరు. మోసుడొక్కటే దాని పనైతే, ఇడగొట్టినంక కణం మంచిగ పెరగొద్దు. పెరిగిందనుకోండ్రి, తోకకు సొంత పని ఇంకోటి ఉన్నట్టు. నేను రెండో ఏడే రాసి ఇచ్చిన. ఎవ్వరు చదువలే."

గదిలో అందరూ ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టారు.

జూలై 19

పేపర్ వెనక్కి తీసుకుంటున్నట్టు జర్నల్‌కి రాసి పంపాను. సార్ సంతకం కూడా ఉంది.

జూలై 30, బుధవారం

ఇంటర్వ్యూ. రెండు నిమిషాల్లో మీ పని చెప్పండి అన్నారు. చెప్పాను. నేను వాడిన సీసా తప్పని, సరైన ఫలితం మహేందర్‌దని, పేపర్ వెనక్కి తీసుకున్నామని. చివర కూర్చున్న ఒకావిడ పెన్ను కింద పెట్టి, "మరి మీరు ఇక్కడికి ఏం చూపించి పోస్టు అడుగుతున్నారమ్మా?" అన్నారు. వెటకారంగా కాదు, తెలుసుకుందామనే.

"చూపించడానికి ఈసారి ఏమీ లేదండీ" అన్నాను.

బయటికొస్తుంటే వాన అందుకుంది. తడుస్తూ వెళ్ళి స్కూటీ తీశాను.

జూలై 31

రాలేదు. ఆ పోస్టు రాదని అనుకున్నదే. శ్యామ్ ఆఫీసుకి సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాడు. బగ్గుల మాట ఎత్తలేదు. పెసరట్లు వేశాడు. ఒక్కటీ మాడలేదు.

ఆగస్టు 10, ఆదివారం

మహేందర్ ఆదివారాలు క్లాసయ్యాక ల్యాబ్‌కి వస్తున్నాడు. ఇది నాలుగోసారి. నాతో అవసరమైనంత వరకే మాట్లాడతాడు. చెంచా ఇవ్వండి, ప్లేటు ఎక్కడుంది, అంతే. సీసాల మీద పేర్లు మాత్రం ఇద్దరం రాస్తున్నాం. ఒకరు రాస్తే రెండోవాళ్ళు చదివి సంతకం పెట్టాలి. ఆ నియమం పెట్టింది నేనే.

ఇవాళ ఫలితం వచ్చింది. తల వేరుగా, తోక వేరుగా ఉన్న కణాలు పెరిగాయి. మామూలువాటంత కాదు గానీ, తోక లేనివాటికంటే చాలా వేగంగా. నూటపది నిమిషాలకి రెట్టింపు. గుత్తులు కట్టడం లేదు, పిల్ల కణాలు విడిపోతున్నాయి. తలతో సంబంధం లేకుండా తోక తనంతట తనే ఆ మెడ దగ్గరికి చేరి, మరింకేవో ప్రొటీన్లని పిలుచుకుంటోంది. వాటి పేర్లు ఇంకా తెలీదు.

మహేందర్ సూక్ష్మదర్శిని మీద వంగి చాలాసేపు లేవలేదు. లేచాక కళ్ళు తుడుచుకున్నాడు. "ఏందో, లైటు ఎక్కువ వెట్టిన్రు" అన్నాడు.

లైటు ఎప్పుడూ ఉండేంతే ఉంది. తగ్గించాను.

ఆగస్టు 22, శుక్రవారం

మహేందర్ మళ్ళీ పీహెచ్‌డీలో చేరుతున్నాడు. మా ల్యాబ్‌లో కాదు. పక్క విభాగంలో, వేరే గైడ్ దగ్గర. సార్ దగ్గరికి మళ్ళీ రానని మొహం మీదే చెప్పాడు, సార్ తలూపారు. కొత్తగా రాసే పేపర్‌లో మొదటి పేరు అతనిది. నాది ఎక్కడ పెట్టాలో అతనే తేలుస్తాడు.

తిరిగి చేరడానికి ఒక ఫారం నింపాలి. చదువు మధ్యలో ఎందుకు ఆపారో కారణం రాసి, పాత ల్యాబ్ నుంచి ఎవరైనా ధ్రువీకరించాలి. "సంతకం నువ్వే పెట్టమ్మా, నాకు మొహం చెల్లడం లేదు" అన్నారు సార్.

పరిపాలన భవనంలో మహేందర్ ఫారం నా చేతికిచ్చాడు. కారణం దగ్గర "వ్యక్తిగత కారణాలు" అని రాసి ఉంది.

"ఇదేంటి?"

"గట్లనే రాస్తరు గదా మేడమ్ అందరు."

నేను దాన్ని కొట్టేసి రాశాను. యజ్ఞనారాయణ గారు, ఆ సెక్షన్ గుమాస్తా, చూసి తల అడ్డంగా ఊపారు. "కొట్టివేతలుంటే తీసుకోమండీ." కొత్త ఫారం ఇచ్చారు. కౌంటర్ దగ్గరే నిలబడి మళ్ళీ మొత్తం రాశాను. "2023 అక్టోబర్‌లో జరిగిన ల్యాబ్ సమావేశంలో నేను ఈ విద్యార్థి సరైన ఫలితాన్ని తప్పని ప్రకటించాను. తప్పు నా కణాలది. అతను చదువు ఆపడానికి అదే కారణం." కింద నా పేరు, సంతకం.

యజ్ఞనారాయణ గారు చదివి కళ్ళజోడు మీంచి చూశారు. "ఇలా ఎవరూ రాయరండీ. ఇది ఫైల్లో ఉండిపోతుంది. మీకు రేపు ఇబ్బంది."

"ఉండనివ్వండి."

ఆయన కాగితాన్ని మహేందర్ వైపు జరిపారు. "నువ్వు చదివి, సరిగ్గా ఉంటే సంతకం పెట్టు బాబూ."

మహేందర్ చదివాడు. రెండుసార్లు. పెన్ను తీసి, మూత తెరిచి, ఆగాడు.

"అక్టోబర్ గాదు మేడమ్" అన్నాడు. "సెప్టెంబర్. సెప్టెంబర్ ఇరవై రెండు. శుక్రవారం. పొద్దుగాల పదకొండున్నర."

యజ్ఞనారాయణ గారు సొరుగు లాగి మూడో ఫారం తీశారు.